తప్పిన పట్లు సున్నా

బెజవాడ బెబ్బులులు అనే కబడ్డీ జట్టు ఆ ఏడాది లీగులో పన్నెండు జట్లకు పన్నెండో స్థానంలో నిలిచింది. కారణం కనిపెట్టమని యాజమాన్యం ఒక కమిటీ వేసింది. కమిటీ నాలుగు నెలలు శ్రమించి, ఎక్కువ మ్యాచ్‌లు ఓడిపోవడం వల్లే ఈ పరిస్థితి తలెత్తిందని నివేదిక ఇచ్చింది. నివేదిక అందరికీ నచ్చింది. దాన్ని రాసిన ప్రభంజన్ గారిని జట్టుకు ప్రతిభా వ్యూహ విభాగాధిపతిగా నియమించారు.

ఈ సంగతి డిఫెన్సు కోచ్ దాసరి యలమందకు ఆలస్యంగా తెలిసింది. ఆ నాలుగు నెలలూ ఆయన బస్సుల్లో తిరుగుతూ ఉన్నాడు. జట్టుకు ఎడమ కార్నర్ కావాలి. కూతకొచ్చినవాడు అందర్నీ తప్పించుకుని గీత వైపు పరిగెడుతుంటే ఆఖరున వాడి చీలమండ అందుకోవలసినవాడు కార్నర్. అతను పట్టు తప్పితే వెనక ఇంకెవరూ ఉండరు. యలమంద ఒకప్పుడు రైల్వే జట్టుకు పదకొండేళ్లు ఆ మూల కాశాడు. అప్పుడు విరిగిన చిటికెన వేలు ఇప్పటికీ పక్కకు తిరిగే ఉంటుంది. ఇప్పుడు యాభై నాలుగేళ్లు. మోకాళ్లు పోయాయి, కళ్లు మాత్రం పోలేదు.

ఏటా కాలేజీల నుంచి కొత్త ఆటగాళ్లను తీసుకోవడానికి లీగు ఒక ఎంపిక దినం పెడుతుంది. ఆఖరున నిలిచిన జట్టుకు మొదటి పేరు పిలిచే అవకాశం ఇస్తారు. అంటే రాష్ట్రంలోని కార్నర్లందరిలోకీ ఏరుకునే హక్కు బెబ్బులులదే. యలమంద ఒంగోలు నుంచి పార్వతీపురం దాకా కాలేజీ పోటీలన్నీ చూసి, నోటుపుస్తకంలో పద్నాలుగు పేర్లు రాసుకున్నాడు. మొదటి పేరు షేక్ మస్తాన్‌వలి. నరసరావుపేట దగ్గర ఒక కాలేజీలో డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్నాడు. కూతకొచ్చినవాడి మొహం వంక చూడడు, పాదాల వంకే చూస్తాడు. పాదం లేవకముందే అది ఎక్కడ పడుతుందో వాడికి తెలిసిపోతుంది. ఇట్టాంటివాణ్ణి చూసి ఎన్నేళ్లయిందో యలమందకు గుర్తు రాలేదు.

పోటీ అయ్యాక గ్రౌండు పక్కన మస్తాన్‌వలి ఒక మాట అడిగాడు.

"సార్, లీగు వాళ్ల వైద్య పరీక్ష పదహారో తారీకు అంటన్నారు. ఆ రోజే నాకు కానిస్టేబుల్ పరుగు పరీక్ష. రాత పరీక్ష పాసయ్యాను. ఏదో ఒకటే కుదురుద్ది. ఏం చెయ్యమంటారు?"

యలమంద క్షణం కూడా ఆలోచించలేదు. "నా మాట నమ్మరా అబ్బాయ్. మొదటి పిలుపే మాది. మొదటి పేరు నీది."

మస్తాన్‌వలి నమ్మాడు. పరుగు పరీక్షకు పోలేదు.

*

ఎంపికకు వారం ముందు సమావేశం జరిగింది. జట్టు యజమాని రంగబాబు గారు అగరుబత్తుల వ్యాపారి. మంచివాడు. అర్థం కాని మాటలంటే ఆయనకు గౌరవం. ప్రభంజన్ గారు తెర ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"కార్నర్ అనగా జట్టుకు చివరి భద్రతా కవచం. కవచానికి ఉండవలసిన ప్రాథమిక లక్షణం లోపం లేకపోవడం. ఇన్నాళ్లూ మనం ఆటగాడు ఎన్ని పట్టాడు అని చూశాం. అది భావోద్వేగ ప్రధానమైన దృక్పథం. ఇకపై ఎన్ని తప్పాడు అని చూస్తాం. దీనికి లోపరాహిత్య సూచిక అని నామకరణం చేశాం."

తెర మీద రెండు వందల పన్నెండు పేర్లు వచ్చాయి. యలమంద తన నోటుపుస్తకంలోని మొదటి పేరు కోసం పైనుంచి వెతకడం మొదలుపెట్టాడు. వెతగ్గా వెతగ్గా అది అట్టడుగున దొరికింది. షేక్ మస్తాన్‌వలి, దొరికిన పట్లు అరవై ఒకటి, తప్పిన పట్లు ముప్పై ఎనిమిది, స్థానం రెండు వందల పన్నెండు.

మొదటి స్థానంలో అదే కాలేజీ కుర్రాడు, కొప్పుల గురుబ్రహ్మం. తప్పిన పట్లు సున్నా.

యలమంద కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "అయ్యా, ఈ బ్రహ్మం నాకు తెలుసు. వాడు ఆడలేదు."

"మూడు సంవత్సరాల్లో నలభై ఒక్క మ్యాచ్‌లకు జట్టు జాబితాలో ఉన్నాడు."

"జాబితాలో ఉన్నాడు. బెంచీ మీద కూర్చున్నాడు. ఒక్కసారీ మ్యాట్ మీదికి రాలేదు."

"ఆడలేదన్నది మీ అభిప్రాయం, యలమంద గారూ. పొరపాటు చేయలేదన్నది దత్తాంశం."

రంగబాబు గారు ముందుకు వంగారు. "అంటే మూడేళ్లలో ఒక్క తప్పు కూడా చెయ్యలేదా?"

"ఒక్కటి కూడా లేదు సార్."

"మా అల్లుడు రోజుకు నాలుగు చేస్తాడండీ" అన్నారు రంగబాబు గారు, మెచ్చుకోలుగా తల ఊపుతూ.

"తప్పు చెయ్యాలంటే ముందు ఆడాలి గదండీ" అన్నాడు యలమంద. తన గొంతు పెరుగుతోందని ఆయనకే తెలుస్తోంది. "మస్తాన్‌వలి తొంభై తొమ్మిదిసార్లు చెయ్యి చాపాడు. మిగతా వాళ్లు పక్కకు తప్పుకున్న కూతలు కూడా వాడు పట్టబోయాడు. అందుకే ముప్పై ఎనిమిది."

"మీరే అంగీకరిస్తున్నారు కదా. తప్పుకోవలసిన చోట తప్పుకోలేని స్వభావం. దీన్ని మేము సాహస దోషం కింద నమోదు చేశాం."

సమావేశం అక్కడితో అయిపోయింది. రంగబాబు గారు వెళ్తూ యలమంద భుజం తట్టారు. "మీది పాతకాలం చూపండీ. మంచిదే. కానీ సున్నా అంటే సున్నాయే గదా."

*

ఎంపిక దినం ఒక పెద్ద హోటల్లో జరిగింది. మస్తాన్‌వలి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. యలమంద వారం రోజులుగా అతనికి ఫోన్ చేద్దామనుకుని చెయ్యలేకపోయాడు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూడలేక ముందు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"బెజవాడ బెబ్బులుల మొదటి ఎంపిక, కొప్పుల గురుబ్రహ్మం" అని మైకులో వినిపించగానే హాలంతా గుసగుసలు బయలుదేరాయి. ఆ పేరు ఎవరూ వినలేదు. వినలేదు కాబట్టి భయపడ్డారు. బెబ్బులులకు మనకు తెలియనిదేదో తెలిసిందన్నమాట అని పక్క బల్లవాళ్లు అనుకోవడం యలమంద చెవిన పడింది. పావుగంటలో లోపరాహిత్య సూచిక సంగతి బయటికి పొక్కింది. ఇక పదకొండు జట్లూ సున్నాల కోసం పోటీపడ్డాయి. సాయంత్రానికి రాష్ట్రంలోని కాలేజీ బెంచీలన్నీ ఖాళీ అయ్యాయి. ఒక జట్టు రెండేళ్ల కిందటే చదువు మానేసిన కుర్రాణ్ణి ఎంపిక చేసుకుంది. రికార్డుల ప్రకారం అతను కూడా ఏ పొరపాటూ చేయలేదు.

మస్తాన్‌వలి పేరు ఎవరూ పిలవలేదు. కుర్చీలు సర్దుతుండగా అతను యలమంద దగ్గరికొచ్చాడు.

"సార్, కానిస్టేబుల్ పరుగు అయిపోయింది గదా?"

"అయిపోయింది."

"మళ్లీ ఎప్పుడు పడుద్దో" అన్నాడు, యలమందను కాదు, తనలో తాను అడుగుతున్నట్టు. యలమంద ఏదో చెప్పబోయాడు. అప్పటికే ప్రభంజన్ గారు ఫోటోకు పిలిచారు.

*

గురుబ్రహ్మం వారం తర్వాత శిబిరానికి వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు. చేతిసంచీ కింద పెట్టకుండానే యలమందతో చెప్పాడు.

"సార్, ఏదో పొరపాటు జరిగినట్టుంది. ఫోన్ వచ్చినప్పుడు మా వాళ్లు ఆటపట్టిస్తన్నారనుకున్నా. నేను కబడ్డీ ఆడలేదు. బెంచీ మీద కూర్చుని స్కోరు రాసేవాణ్ణి."

"తెలుసు."

"మస్తాన్ తప్పిన పట్లు ముప్పై ఎనిమిదీ నేను రాసినవే. వేరే కాలేజీల్లో దొరికినవే రాస్తారంట, తప్పినవి చాలావరకు వదిలేస్తారంట. నాకు ఆ సంగతి తెలవదు. చూసింది చూసినట్టు రాశాను." వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "వాడి నోటికాడ కూడు నేనే తీసినట్టయింది."

యలమందకు వాడి మీద ఉన్న కోపం అక్కడితో పోయింది. "సరే, వచ్చావు గదా. పట్టడం నేర్చుకుంటావా?"

"నేర్చుకుంటాను సార్. మూడేళ్లు కూర్చుని చూశాను. ఒక్కసారన్నా ఆడాలని ఉంది."

మర్నాడు ఉదయం వాడు మ్యాట్ మీద కాలు పెట్టేలోపే ప్రభంజన్ గారి ఉత్తర్వు వచ్చింది. సాధనలో జరిగే పొరపాట్లు కూడా సూచికను ప్రభావితం చేసే అవకాశం ఉన్నందున, శ్రీ గురుబ్రహ్మం సంస్థ యొక్క అమూల్య సంపద అయినందున, ఆయనకు మ్యాట్ రహిత శిక్షణ మాత్రమే ఇవ్వవలసిందిగా అందులో ఉంది. ఆ ప్రకారం బ్రహ్మం నెల రోజులు కుర్చీలో కూర్చుని కబడ్డీ నేర్చుకున్నాడు. యలమంద బోర్డు మీద పాదం బొమ్మ గీసేవాడు. బ్రహ్మం కుర్చీలోంచి ఆ పాదం ఎటు కదులుతుందో చెప్పేవాడు.

సీజను మొదలైంది. టిక్కెట్లు కొన్నవాళ్లు మొదటి ఎంపికను చూడాలని అడిగారు. వాణ్ణి దింపక తప్పలేదు. మ్యాచ్‌కు ముందు ప్రభంజన్ గారు స్వయంగా వచ్చి సూచనలిచ్చారు.

"శ్రీ గురుబ్రహ్మం, మీరు పట్టబోయి వదిలితే అది మీ పొరపాటు. మీరు పట్టబోకుండా అతను మిమ్మల్ని తాకి వెళ్తే అది అతని ప్రతిభ. ప్రత్యర్థి ప్రతిభకు మనం బాధ్యులం కాము. అర్థమైంది కదా?"

"తాకినా పట్టుకోవద్దా సార్?"

"తాకినప్పుడు మరీ ముఖ్యంగా పట్టుకోవద్దు."

బెబ్బులులు ఆ మ్యాచ్ యాభై ఏడు, పంతొమ్మిది స్కోరుతో ఓడిపోయారు. బ్రహ్మం చేతులు వెనక్కి కట్టుకుని మూల నుంచి మూలకు తప్పుకుంటూ ఆడాడు. ఎవరో మర్యాదస్తుడు దారి ఇస్తున్నట్టుగా ఉంది. మ్యాచ్ అయ్యాక ప్రభంజన్ గారు అంకెలు చదివి వినిపించారు. తప్పిన పట్లు సున్నా. రంగబాబు గారు చప్పట్లు కొట్టారు, స్కోరు బోర్డు వైపు ఒకసారి చూసి ఆపేశారు, ప్రభంజన్ గారి మొహం చూసి మళ్లీ కొట్టారు.

ఈ విజయం చూసి మిగతా డిఫెండర్లకు కూడా అదే పద్ధతి వర్తింపజేశారు. చేయి చాపినవాడు రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి. మిగతా జట్లు కూడా వెనకబడి ఉంటాయా? సీజను సగం అయ్యేసరికి లీగంతా కూతకొచ్చినవాడు నడుచుకుంటూ వచ్చి ఏడుగురినీ తాకి నడుచుకుంటూ వెళ్తున్నాడు. స్కోర్లు నూటపది, నూటనాలుగు అని వస్తుంటే బోర్డు చెడిపోయిందనుకుని ఒక ఊళ్లో మెకానిక్‌ను పిలిపించారు. లీగు వారు ఆ ఏడు కొత్తగా నిర్దోష రక్షణ పురస్కారం పెట్టి, బెబ్బులులకు బహూకరించారు. జట్టు అప్పటికి తొమ్మిది మ్యాచ్‌లు వరసగా ఓడింది.

పురస్కారం అందుకున్న రోజు బ్రహ్మం యలమంద గదికొచ్చాడు.

"సార్, మా ఊళ్లో నన్ను చూసి నవ్వుతన్నారు. మా చెల్లెలు టీవీ ఆపేసిందంట. బెంచీ మీద కూర్చున్నప్పుడే నయం, స్కోరన్నా రాసేవాణ్ణి. నాకు పట్టు నేర్పండి."

యలమంద తన మోకాళ్ల వంక చూసుకున్నాడు. నేలమీద పడి చూపించే వయసు కాదు. చూపించగలవాడు ఒక్కడే ఉన్నాడు.

*

మస్తాన్‌వలి గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు ఎత్తుతున్నాడు. యలమంద వెళ్లేసరికి గోనెసంచీ తలకు చుట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చెప్పిందంతా విన్నాడు.

"నా చోటు వాడికిచ్చారు. ఇప్పుడు నన్నే వచ్చి వాడికి నేర్పమంటన్నారా మాస్టారూ?"

"అవునురా. అడగటానికి మొహం లేదు. అయినా అడుగుతున్నా."

"వాడు రాస్తే ఒక్క అంకె అటూ ఇటూ అయ్యేది కాదు" అన్నాడు మస్తాన్‌వలి. "నేను ఏ పట్టు ఎందుకు తప్పానో నాకంటే వాడికే బాగా తెలుసు. మ్యాచ్ అయ్యాక వచ్చి చెప్పేవాడు, నీ ఎడమ మోకాలు ముందే వంగింది అని." లేచి గోనెసంచీ దులిపాడు. "ఆదివారాలు వస్తా."

అయిదు ఆదివారాలు, తెల్లవారుజామున, కృష్ణ ఒడ్డున ఇసుకలో ఒకడు నేర్పాడు, ఒకడు నేర్చుకున్నాడు. యలమంద స్టూలు వేసుకుని కూర్చున్నాడు. బ్రహ్మం మొదటి రోజు నలభైసార్లు పట్టు తప్పాడు. అలవాటు కొద్దీ ప్రతిసారీ పైకి లెక్కపెట్టాడు. మస్తాన్‌వలి వాడి నెత్తి మీద ఒక్కటిచ్చాడు. అప్పట్నుంచి లెక్క ఆపేశాడు.

సీజను ఆఖరి మ్యాచ్‌లో బెబ్బులులకు గెలిచే ఆశ గానీ ఓడిపోతే పోయేది గానీ ఏమీ లేవు. రెండో సగంలో అవతలి జట్టు పెద్ద రైడర్ చేతులూపుకుంటూ వచ్చాడు. బ్రహ్మం చేతులు వెనక లేవు. రైడర్ కాలు లేచింది, బ్రహ్మం దూకాడు, చెయ్యి మ్యాట్‌ను కొట్టింది. పట్టు తప్పింది. పై వరసలో ప్రభంజన్ గారు లేచి నిలబడ్డారు.

అవుటై బయటికెళ్లిన బ్రహ్మం తిరిగి లోపలికి వచ్చాక మళ్లీ దూకాడు. ఈసారి చీలమండ చేతికి దొరికింది. రైడర్ వాణ్ణి గీత దాకా ఈడ్చుకుపోయి విదిలించుకున్నాడు. బ్రహ్మం ముక్కులోంచి రక్తం కారింది. తుడుచుకుంటూ బయటికెళ్లాడు, మళ్లీ లోపలికి పిలుపు రాగానే మూలకు వచ్చి నిలబడ్డాడు.

మూడోసారి వాడు రైడర్ మొహం వంక చూడలేదు. పాదం లేచేలోపే పడ్డాడు, రెండు చేతులూ చీలమండకు చుట్టుకున్నాయి. రైడర్ గింజుకున్నాడు. మిగతా డిఫెండర్లు సంజాయిషీ రాయాల్సి వస్తుందేమోనని ఒక్క క్షణం బెదిరి చూశారు. తర్వాత ఒకడు వచ్చి పడ్డాడు. ఆ వెనక అందరూ పడ్డారు. ఆ సీజనులో మొదటిసారి బెబ్బులులు ఒక మనిషిని పట్టుకున్నారు. జనం కుర్చీలెక్కారు. యలమందకు తన మోకాళ్ల నొప్పి గుర్తులేదు, ఆయన కూడా కుర్చీ ఎక్కి ఉన్నాడు.

మ్యాచ్ ఓడిపోయారు. మిగతా అన్ని మ్యాచ్‌ల కంటే తక్కువ తేడాతో ఓడిపోయారు.

రెండు రోజుల తర్వాత బ్రహ్మానికి నోటీసు వచ్చింది. సంస్థ పద్నాలుగు మ్యాచ్‌ల పాటు జాగ్రత్తగా పరిరక్షించిన సూచికను తాము ఏడు నిమిషాల వ్యవధిలో ధ్వంసం చేశారనీ, మూడు ప్రయత్నాల్లో రెండు విఫలమైనందున లోప శాతం అరవై ఆరుకు చేరిందనీ, దీనిపై తమ వివరణ కోరడమైనదనీ అందులో ఉంది. బ్రహ్మం ఒకే వాక్యం రాసిచ్చాడు: మూడోది పట్టాను. వివరణ సంతృప్తికరంగా లేదని వాణ్ణి తీసేశారు. ప్రేరేపించినందుకు యలమందకు ఉద్యోగం వదిలి పోవడానికి మూడు నెలల గడువిచ్చి, అప్పటిదాకా సమావేశాల్లో మాట్లాడే హక్కు లేకుండా కూర్చోవచ్చన్నారు.

*

అలా గోడ పక్కన కూర్చున్న యలమంద ఎదుటే మరుసటి ఏటి జాబితా తెర మీదికి వచ్చింది. పోయినసారి ఎంపిక కానివాళ్లకు ఇంకో ఏడాది అవకాశం ఉంటుంది. మొదటి స్థానంలో షేక్ మస్తాన్‌వలి. గడిచిన పన్నెండు నెలల్లో తప్పిన పట్లు సున్నా.

అతన్ని ముఖాముఖికి పిలిపించారు. రావద్దని యలమంద ముందే అతనికి చెప్పి చూశాడు. అయినా మస్తాన్‌వలి అదే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ప్రభంజన్ గారు లేచి కరచాలనం చేశారు.

"గతంలో రెండు వందల పన్నెండో స్థానం నుంచి ఒక్క సంవత్సరంలో మొదటి స్థానం. ఇంతటి పరివర్తన మా విభాగ చరిత్రలో లేదు. ఈ ఏడాది మీరు అనుసరించిన శిక్షణా విధానం ఏమిటి?"

"మిర్చి బస్తాలు మోశాను సార్."

"అద్భుతం" అన్నారు ప్రభంజన్ గారు, రాసుకుంటూ.

"ఒక్క మాట అడగొచ్చా సార్?"

"నిస్సంకోచంగా."

"నన్ను ఆడనిస్తారా? పట్టనిస్తారా?"

ప్రభంజన్ గారి కలం ఆగింది. ఆయన రంగబాబు గారి వైపు చూశారు. రంగబాబు గారు నొచ్చుకున్నట్టు మొహం పెట్టారు. ఆయనకు ఆ కుర్రాడు నచ్చాడు.

"ఆడాలన్న ఆసక్తి, అధికం" అని పైకి చదువుతూ రాశారు ప్రభంజన్ గారు. "ప్రమాద స్థాయి, ఎరుపు. ధన్యవాదాలు. తర్వాతి అభ్యర్థిని పంపండి."

యలమందకు మాట్లాడే హక్కు లేదు. అందుకని లేచి, మస్తాన్‌వలి భుజం మీద చెయ్యి వేసి, అతనితో పాటే బయటికి నడిచాడు. గడువు ఇంకా పదకొండు రోజులు మిగిలి ఉంది. మళ్లీ వెళ్లలేదు.

*

కానిస్టేబుల్ ప్రకటన ఆ వర్షాకాలంలో మళ్లీ పడింది. పరుగులో మస్తాన్‌వలి రెండోవాడు. శిక్షణ అయ్యి బెజవాడలో ఉద్యోగం వచ్చేసరికి ఇంకో సీజను గడిచిపోయింది.

ఆ తర్వాతి సీజను మొదటి మ్యాచ్‌కు యలమంద, బ్రహ్మం చవక టిక్కెట్లు కొనుక్కుని పైవరసలో కూర్చున్నారు. బ్రహ్మం ఇప్పుడు తెనాలిలో ఒక క్లబ్బుకు ఆడుతున్నాడు. చాలా పట్లు తప్పుతాడు, సంతోషంగా ఉన్నాడు. స్టేడియం సగం ఖాళీ. కింద మ్యాట్ నాలుగు మూలలా బందోబస్తు పోలీసులు నిలబడి ఉన్నారు.

"సార్, ఎడమ మూల చూడండి" అన్నాడు బ్రహ్మం.

మస్తాన్‌వలి ఖాకీ బట్టల్లో, చేతిలో లాఠీతో, మ్యాట్‌కు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. బందోబస్తులో ఉన్నవాడు జనాన్నే చూడాలి, ఆట వైపు తిరగకూడదు. అతను తిరగలేదు. అతని వెనక బెబ్బులుల కొత్త కార్నర్ చేతులు వెనక్కి కట్టుకుని పక్కకు తప్పుకుంటున్నాడు. రైడర్ కూత పెడుతూ కుడికి కదిలాడు. జనం కళ్లు కుడికి తిరిగాయి. మస్తాన్‌వలి బరువు కుడికాలి మీదికి మారింది. రైడర్ ఒక్క గంతులో ఎడమకు వచ్చాడు. జనం కళ్లు ఎడమకు వచ్చాయి. మస్తాన్‌వలి ఎడమ మోకాలు వంగింది, ముందే కాదు, సరిగ్గా వంగవలసిన క్షణంలో. లాఠీ పట్టుకోని చెయ్యి తొడ పక్కన తెరుచుకుని, గాలిని పట్టుకుని, మూసుకుంది.

"దొరికాడు" అన్నాడు బ్రహ్మం నెమ్మదిగా.

మ్యాట్ మీద రైడర్ ముగ్గురిని తాకి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. కింద అతిథుల వరసలో ప్రభంజన్ గారు చప్పట్లు కొట్టారు.